తాళం పడిన లెక్కలకు ఎఫ్ఐఆర్ లేదా?

ఒడిశా రాష్ట్ర పోలీసు డైరెక్టర్ జనరల్ గారికి, ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ కార్యదర్శి గారికి,

నమస్కారం.

నేను రాయగడ జిల్లాలో ఒక చిన్న ఊళ్లో లెక్కలు రాసి బతికేవాణ్ణి. పత్తి, చింతపండు, జీడిపప్పు కొనే వ్యాపారులు, రెండు రైసు మిల్లులు, మందుల షాపులు, హార్డ్‌వేర్ కొట్లు కలిపి నలభై మంది దాకా నా దగ్గర జీఎస్టీ లెక్కలు రాయించుకుంటారు. సగానికి పైగా తెలుగు ఇళ్లవాళ్లే. కొంతమంది సరిహద్దు అవతల, పార్వతీపురం వైపు వాళ్లు. ఒడియాలో బేరమాడతాం, తెలుగులో లెక్క వేసుకుంటాం, ఇంగ్లీషులో రిటర్ను వేస్తాం. ఈ ఉత్తరాన్ని ఒడియాలో మీ కార్యాలయాలకు విడిగా పంపాను. ఇక్కడ తెలుగులో బహిరంగంగా రాయడానికి కారణం ఒకటుంది. గుణుపురం, జయపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు నాలాగే రాన్సమ్‌వేర్ (కంప్యూటరు ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే దొంగతనం) దెబ్బ తిని ఎవరికీ చెప్పుకోకుండా ఊరుకున్నవాళ్లు నాకు తెలుసు. వాళ్లూ చదవాలి.

ఆ రోజు నెలలో 18వ తేదీ. 20కల్లా జీఎస్టీఆర్-3బీ అనే నెలవారీ రిటర్ను వేయాలి కాబట్టి ఆ రెండు రోజులూ మా ఆఫీసు పెళ్లివారిల్లులా ఉంటుంది. పొద్దున్నే వచ్చి కంప్యూటరు ఆన్ చేసిన మా కుర్రాడు "సార్, ఫైళ్లన్నీ తెల్లగా అయిపోయాయి, ఒకసారి చూడండి" అన్నాడు. ఆకుపచ్చగా కనబడాల్సిన ఎక్సెల్ ఫైళ్లు, ఎర్రటి పీడీఎఫ్‌లు, బిల్లుల ఫొటోలు, అన్నీ ఒకేలా తెల్లకాగితం బొమ్మలయ్యాయి. ప్రతి ఫైలు పేరు చివర అర్థంలేని నాలుగు అక్షరాలు తోకలా అతుక్కున్నాయి. లెక్కల సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఒక్క కంపెనీ పేరూ కనబడలేదు. ప్రతి ఫోల్డరులోనూ ఒక చిన్న నోటు మాత్రం కొత్తగా వచ్చి కూర్చుంది. మీ ఫైళ్లకు తాళం వేశాం, తాళంచెవి ఖరీదు 980 డాలర్లు, 72 గంటల్లోపు మాట్లాడితే సగానికే, 490కే ఇస్తాం అని ఉంది. నమ్మకం లేకపోతే ఒక ఫైలు పంపండి, ఉచితంగా తెరిచి చూపిస్తాం అని కూడా రాశారు. బట్టల కొట్లో చీర మడత విప్పి చూపించినట్టు.

రోజూ బ్యాకప్ తీసుకునే డిస్కు ఆ రాత్రి కంప్యూటరుకే పెట్టి ఉండిపోయింది. దానికీ తాళం పడింది. మూడు నెలల కిందట వేరే పెన్‌డ్రైవులోకి ఎక్కించినవి కొన్ని మిగిలాయి.

ఇది ఎలా వచ్చిందో దాచను. ఒక సాఫ్ట్‌వేర్‌ను డబ్బు కట్టకుండా వాడుకోవడానికి మా ఆఫీసులో ఎవరో ఇంటర్నెట్‌లోంచి క్రాక్ దించారు. దానితో పాటు ఇదీ దిగింది. తప్పు మాదే. స్టేషనుకు వెళ్తే ముందు ఆ సంగతే అడుగుతారేమో అన్న భయంతోనే చాలామంది అసలు గడప తొక్కరు. కానీ తలుపు గడియ వేయడం మరిచిపోయిన ఇంట్లో పడినవాడు కూడా దొంగే కదండీ.

490 డాలర్లంటే అప్పుడు దాదాపు నలభై వేల రూపాయలు. ఇచ్చేద్దామని రెండు సార్లు అనుకున్నాను. ఇచ్చినా తెరుస్తాడన్న నమ్మకం ఏమిటి, ఆ డబ్బుతో రేపు ఇంకెవరి ఆఫీసుకు తాళం వేస్తాడు అన్న ఆలోచనతో ఆగిపోయాను. వేరే కంప్యూటరు నుంచి నో మోర్ రాన్సమ్ సైటులో ఆ నోటు ఎక్కించి చూశాను. డచ్చి పోలీసులు, యూరోపోల్, రెండు సెక్యూరిటీ కంపెనీలు కలిసి 2016లో పెట్టిన ఉచిత సేవ అది. కొన్ని రకాల తాళాలకు వాళ్ల దగ్గర చెవులున్నాయి. మా తాళానికి లేదు.

ఆ తరవాత స్టేషనుకు వెళ్లాను.

అక్కడున్న అధికారి మర్యాదగానే మాట్లాడారు. కూర్చోమన్నారు. మొదటి ప్రశ్న: "డబ్బు ఎంత పోయింది?"

"పోలేదు సార్. నేను ఇవ్వలేదు."

"మరి కేసు ఏమని రాయాలి?"

నేను చెప్పిందంతా విన్నారు. చివరికి, "ఇవ్వకపోవడమే మంచిదయింది. ఫార్మాట్ కొట్టించేసి కొత్తగా మొదలుపెట్టుకోండి" అన్నారు. మంచికే చెప్పారు, నాకు ఆయన మీద కోపం లేదు. కానీ ఆ మాటతో నా దరఖాస్తు నా చేతిలోనే ఉండిపోయింది.

అయ్యా, ఈ ఉత్తరం రాసింది ఆ మొదటి ప్రశ్న గురించే. సైబర్ నేరం అనగానే ఖాతాలోంచి డబ్బు పోవడం అనే అందరికీ తోస్తోంది. 1930 హెల్ప్‌లైను నంబరు పెట్టింది కూడా అందుకే, పోతున్న డబ్బును దారిలో పట్టుకోవడానికి. అది మంచి ఏర్పాటు, దాని వల్ల ఎందరో బయటపడ్డారు. కానీ రాన్సమ్‌వేర్‌లో నష్టం డబ్బు పోయిన రోజున మొదలవదు. తాళం పడిన నిమిషంలోనే జరిగిపోతుంది. డబ్బు ఇవ్వనివాడికి ఇంకా ఎక్కువ నష్టం.

చట్టానికి ఈ సంగతి తెలుసు. 2000లో వచ్చిన ఐటీ చట్టం 43వ సెక్షన్‌లో వైరస్ ఎక్కించడం, సమాచారాన్ని పాడుచేయడం ఉన్నాయి. వాటితో పాటే ఎఫ్ అనే క్లాజు ఉంది. కంప్యూటరు వాడుకునే హక్కున్న మనిషిని అందులోకి వెళ్లనివ్వకుండా చేయడం అని అది చెబుతుంది. మాకు జరిగింది అక్షరాలా అదే. దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. 77బి ప్రకారం అది కాగ్నిజబుల్ నేరం, అంటే పోలీసులు కోర్టు అనుమతి కోసం ఆగనక్కర్లేదు. నేరస్తుడు విదేశంలో ఉన్నా, దెబ్బ తిన్న కంప్యూటరు ఇండియాలో ఉంటే చాలని 75వ సెక్షన్ అంటోంది. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఇంకా స్పష్టంగా రాసింది. డేటా బయటికి పొక్కడం మాత్రమే కాదు, డేటా అందుబాటులో లేకుండా పోవడం కూడా ఉల్లంఘనే అని.

డబ్బు గుంజడం సంగతి భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్‌లో ఉంది. భయపెట్టి డబ్బు రాబడితే ఏడేళ్ల వరకు శిక్ష. రాబట్టడానికి భయపెడితే, అంటే మనిషి లొంగకపోతే, రెండేళ్ల వరకు. నేను ఇవ్వలేదు కాబట్టి నా మీద జరిగిన నేరం చిన్నదయింది. న్యాయశాస్త్రం తెలిసినవాళ్లు దీనికి కారణం చెప్పగలరు. కానీ దొంగకు లొంగనివాడి మీద జరిగిన నేరం చిన్నది, వాడి పని మాత్రం ఆగిపోయింది. ఆ రెండేళ్ల కేసయినా రాయాలి కదా.

ఎఫ్ఐఆర్ రాసినంత మాత్రాన ఎక్కడో విదేశంలో కూర్చున్నవాడు దొరుకుతాడా అని మీ అధికారులు అనుకోవచ్చు. నేనూ ఆ ఆశ పెట్టుకోలేదు. నాకు కావలసింది కాగితం. అది ఎందుకో కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

దొంగ నాకు 72 గంటలు గడువిచ్చాడు. జీఎస్టీ చట్టం వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు లెక్కలు భద్రంగా ఉంచమంటోంది. కంప్యూటరులో లెక్కలు పెట్టుకునేవాళ్లు బ్యాకప్ కూడా ఉంచుకోవాలని, ప్రమాదం వల్లో ప్రకృతి వైపరీత్యం వల్లో లెక్కలు నాశనమైతే తిరిగి రాబట్టగలగాలని జీఎస్టీ నిబంధనల్లో 57వది చెబుతుంది. అందులో వరదకు చోటుంది, అగ్నిప్రమాదానికి చోటుంది. రేపు ఆడిట్‌కు వచ్చిన అధికారి మూడేళ్ల కిందటి పత్తి కొనుగోళ్ల వివరం అడిగితే మా వ్యాపారి ఏం చూపించాలి? "మా లెక్కలు రాసేవాడి కంప్యూటరుకు దొంగలు తాళం వేశారండీ" అంటే ఎవరు నమ్ముతారు? లెక్కలు దాచిపెట్టడానికి కట్టిన కథ అనుకుంటారు. ఇంట్లో దొంగలు పడి దస్తావేజులు పోతే స్టేషన్ కాగితం చూపించి నకళ్లు తెచ్చుకుంటాం. ఇదీ అంతే.

మిగిలిన బిల్లులు మళ్లీ ఎక్కించడానికి నాకూ కుర్రాడికీ ఐదు వారాలు పట్టింది. వ్యాపారులు పాపం సంచుల్లో, అట్టపెట్టెల్లో తెచ్చి ఇచ్చారు. ఎనభై దాటిన చింతపండు వ్యాపారి ఒకాయన తన చేతిరాత చిట్టా స్వయంగా పట్టుకొచ్చి, "నెమ్మదిగా రాసుకో నాయనా, ఇది ఎక్కడికీ పోదు" అని నా బల్ల మీద పెట్టి వెళ్లారు. కానీ లారీ ట్రాన్స్‌పోర్టు రసీదులు, వేబ్రిడ్జి చీటీలు చాలావరకు వేడితో అచ్చు పడే ఆ నున్నటి కాగితం మీద కొట్టినవి. కొన్ని నెలలు దాటితే అచ్చు వెలిసిపోతుంది. కిటికీ దగ్గర వెలుతురుకు పెట్టి చూశాం, ఫోనులో ఫొటో తీసి పెద్దది చేసి చూశాం. తెల్లకాగితాలే. కంప్యూటరులో ఒకసారి ఎక్కించాం కదా అన్న ధీమాతో వాటిని ఎవరూ జెరాక్సు తీయలేదు. ఆ బరువులు, ఆ తేదీలు ఇక ఎక్కడా లేవు. ఆ నెల రిటర్నులు కొన్ని ఆలస్యమయ్యాయి, రోజుకు యాభై రూపాయల చొప్పున లేటు ఫీజు నేనే కట్టాను. అది పెద్ద మొత్తం కాదు, దాని గురించి ఫిర్యాదు లేదు.

ఇక సరిహద్దు బాధ. పార్వతీపురం వైపు నుంచి వచ్చే ఒక ఎరువుల వ్యాపారి తన లెక్కలు పోయాయని అక్కడి స్టేషనుకు వెళ్లాడు. కంప్యూటరు ఒడిశాలో ఉంది, అక్కడికే వెళ్లమన్నారు. నాతో పాటు ఇక్కడికి వస్తే, మీ వ్యాపారం ఆంధ్రలో కదా అన్నారు. నాగావళి మా జిల్లాలోంచే అటు వెళ్తుంది, ఎవరినీ అడగదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ఈ గొడవకు తావు లేకుండా చేసింది. నేరం ఎక్కడ జరిగినా సరే, ఏ స్టేషనైనా సమాచారం తీసుకోవాలి. ఈమెయిల్ లాంటి వాటిలో పంపినా తీసుకోవాలి, పంపినవాడు మూడు రోజుల్లో వచ్చి సంతకం చేస్తే చాలు. తీసుకోకపోతే ఎస్పీకి రాయొచ్చు, ఆ తరవాత మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్లొచ్చు. ఈ సంగతి మా ఎరువుల వ్యాపారికి అప్పుడు తెలియదు. నాకూ తెలియదు. కానీ స్టేషనులో ఉన్నవాళ్లకు తెలిసి ఉండాలి.

ఇంకో చిక్కు చిన్న ఊళ్లకే ప్రత్యేకం. ఐటీ చట్టం 78వ సెక్షన్ ప్రకారం ఈ నేరాలను ఇన్‌స్పెక్టరు, అంతకన్నా పై స్థాయి వారే దర్యాప్తు చేయాలి. ఐఐసీ (ఇన్‌స్పెక్టర్ ఇన్-చార్జి) ఉన్న పట్టణ స్టేషన్లలో ఇబ్బంది లేదు. ఎస్సై స్థాయి ఓఐసీ (ఆఫీసర్ ఇన్-చార్జి) నడిపే స్టేషన్లు మా వైపు చాలా ఉన్నాయి. అక్కడ మనది కాని పని ఎందుకని ముందే వెనకాడతారు. దర్యాప్తు పై అధికారి చేయాలంటే కేసు రాసి పైకి పంపాలి. రాయకుండా ఉండటానికి అది కారణం కాకూడదు.

ఫార్మాట్ కొట్టించమన్న సలహా గురించి కూడా చెప్పాలి. దయచేసి ఆ మాట ఎవరితోనూ అనవద్దని అన్ని స్టేషన్లకూ రాతపూర్వకంగా పంపండి. తాళం పడిన డిస్కే సాక్ష్యం. ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం కావాలి, అందులో ఆ డేటా తాలూకు హాష్ విలువ, అంటే డేటా మారలేదని చూపే వేలిముద్ర లాంటి సంఖ్య, రాయాలి. ఫార్మాట్ అయిన డిస్కుకు ఏ హాష్ రాస్తారు? ఇంకో ముఖ్యమైన సంగతి. ఇవాళ తెరుచుకోని తాళం రేపు తెరుచుకోవచ్చు. లాక్‌బిట్ అనే పెద్ద ముఠా సర్వర్లను 2024 ఫిబ్రవరిలో బ్రిటన్, అమెరికా, మరికొన్ని దేశాల పోలీసులు కలిసి పట్టుకున్నారు. ఆ జూన్‌లో, తమ దగ్గర ఏడు వేలకు పైగా తాళంచెవులున్నాయని, బాధితులు వచ్చి చెప్పుకుంటే సాయం చేస్తామని ఎఫ్‌బీఐ ప్రకటించింది. మా తాళం ఆ ముఠాది కాదు. కానీ ఏదో ఒక రోజు మా తాళం వేసినవాడు కూడా పట్టుబడితే, చెవులు పంచడానికి బాధితుల జాబితా కావాలి. ఎఫ్ఐఆర్ లేనివాడు ఏ జాబితాలో ఉంటాడు?

పెద్ద సంస్థలకు జరిగినప్పుడు మన పోలీసులు వెనకాడరని నాకు తెలుసు. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్‌లో ఐదు సర్వర్లకు, దాదాపు 1.3 టెరాబైట్ల డేటాకు తాళం పడితే, బలవంతపు వసూలుతో పాటు సైబర్ ఉగ్రవాదం కింద కూడా ఢిల్లీ పోలీసులు కేసు పెట్టారు. ఆ 66ఎఫ్ సెక్షన్‌కు యావజ్జీవం వరకు శిక్ష ఉంది. 2024 జూలైలో బ్యాంకులకు సాంకేతిక సేవలిచ్చే సీ-ఎడ్జ్ సంస్థ మీద దాడి జరిగితే దాదాపు మూడు వందల చిన్న బ్యాంకులు, అందులో సహకార, గ్రామీణ బ్యాంకులు, చెల్లింపుల నెట్‌వర్క్ నుంచి తాత్కాలికంగా ఆగిపోయాయి. 2017 మేలో వన్నాక్రై వచ్చినప్పుడు మా పక్క శ్రీకాకుళం జిల్లాతో సహా ఆంధ్ర పోలీసుల కంప్యూటర్లే కొన్ని దెబ్బ తిన్నాయి. తాళం పడిన తెర ముందు కూర్చుంటే ఎలా ఉంటుందో పోలీసుశాఖకు ఒకరు చెప్పాలా?

చిన్నవాళ్ల మీద బాధ్యతలు మాత్రం తక్కువేమీ లేవు. సైబర్ ఘటన తెలిసిన ఆరు గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు చెప్పాలని 2022 ఏప్రిల్ 28న ఆదేశాలిచ్చారు, ఆ పట్టికలో రాన్సమ్‌వేర్ పేరు పెట్టి మరీ ఉంది. అది బాడీ కార్పొరేట్లకూ, అంటే వ్యాపార సంస్థలకూ, వర్తిస్తుంది. ఆ మాటకు అదే ఐటీ చట్టం 43ఎలో ఇచ్చిన అర్థం చూస్తే సొంత యాజమాన్యపు దుకాణం కూడా అందులోకి వస్తుంది. ఆదేశం పాటించకపోతే ఏడాది వరకు జైలు, 2023 సవరణతో జరిమానా పరిమితి కోటి రూపాయలకు పెరిగింది. మా ఊళ్లో ఈ ఆరు గంటల సంగతి నాకు దెబ్బ తగిలేదాకా ఒక్కరికీ తెలియదు. ఆస్ట్రేలియా ఈ విషయంలో కొంత ఆలోచించి చట్టం చేసింది. డబ్బు కట్టినవాళ్లు 72 గంటల్లో ప్రభుత్వానికి చెప్పాలి అంది, కానీ చిన్న వ్యాపారాలను దాని నుంచి మినహాయించింది. అమెరికాలో నార్త్ కరోలినా, ఫ్లోరిడా రాష్ట్రాలు తమ ప్రభుత్వ కార్యాలయాలు డబ్బు కట్టడాన్నే నిషేధించాయి. మన దేశంలో కట్టకూడదని ప్రత్యేకంగా చట్టం లేదు, రాన్సమ్‌వేర్ పేరుతో ఒక నేరమూ లేదు. బెయిలు దొరికే మూడేళ్ల శిక్ష ఈ దోపిడీకి చాలదని నా అభిప్రాయం. అది పార్లమెంటు పని, మీ చేతిలో లేదు. మీ చేతిలో ఉన్నదే అడుగుతున్నాను.

డీజీ గారూ, ఒక్క ఆదేశం ఇవ్వండి. కంప్యూటరుకు తాళం పడిందని వచ్చినవాణ్ణి డబ్బు ఎంత పోయిందని కాకుండా ఏమి ఆగిపోయిందని అడగాలని. ఐటీ చట్టం 43(ఎఫ్), 66, న్యాయ సంహిత 308 సెక్షన్లు పేర్కొంటూ ఒక నమూనా ఫిర్యాదు పత్రం తయారు చేయించండి. ఒడియాతో పాటు దక్షిణ జిల్లాల స్టేషన్లలో తెలుగులోనూ ఉంచండి. ఎక్కువ పని కాదు, ఒక పేజీ. అనువాదానికి మనిషి కావాలంటే నేను వస్తాను, డబ్బు అక్కర్లేదు.

కార్యదర్శి గారూ, ఐటీ చట్టం 46వ సెక్షన్ కింద ఐదు కోట్ల లోపు నష్టపరిహారం కేసులు వినే న్యాయనిర్ణయాధికారి హోదా 2003 నుంచి ప్రతి రాష్ట్రంలోనూ ఐటీ కార్యదర్శికే ఉంది. పేరూ ఊరూ లేని దొంగ మీద నేను మీ దగ్గర దావా వేయలేను, అది నాకు తెలుసు. కానీ లెక్కలు, రిపోర్టులు భద్రంగా దాస్తామని డబ్బు తీసుకుని ఏ జాగ్రత్తా పడని సంస్థ వల్ల పోగొట్టుకున్నవాళ్లు వేయగలరు. నా ఖాతాదారులు నా మీద కూడా వేయగలరు, వేస్తే జవాబు చెబుతాను. మీ దగ్గరకు రావాలంటే మాత్రం రాయగడలో రాత్రి హీరాఖండ్ రైలు ఎక్కి, పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా ఆంధ్ర అంతా చుట్టి మళ్లీ ఒడిశాలోకి వచ్చి భువనేశ్వర్‌లో దిగాలి. ఒక మందుల షాపాయన షట్టరు దించుకుని ఎన్ని వాయిదాలకు అలా రాగలడు? ఏడాదికి రెండు సార్లు రాయగడలోనో బరంపురంలోనో కూర్చోండి, లేదా కలెక్టరాఫీసు నుంచి వీడియోలో వినండి.

నా ఖాతాదారులందరి ఇళ్లకూ, కొట్లకూ వెళ్లి జరిగింది ఒక్కొక్కరికీ చెప్పాను. పాన్ కార్డులు, ఆధార్ కాపీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ ఆ కంప్యూటరులోనే ఉన్నాయి, చూసుకుంటూ ఉండమన్నాను. ఇద్దరు వేరే చోటికి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు ఉన్నారు.

పాత డిస్కును ఫార్మాట్ చేయించలేదు. విప్పి, గుడ్డలో చుట్టి, మీద తేదీ రాసి ఇనప బీరువాలో పెట్టాను. ఆ నోటు ప్రింటు తీసి పక్కనే ఉంచాను. దరఖాస్తు కూడా అందులోనే ఉంది, ఇంకా స్టేషన్ ముద్ర పడలేదు. ఏ స్టేషనుకు తెమ్మంటారో చెప్పండి, మర్నాడే తెస్తాను.

ఇట్లు,
లెక్కలు రాసే ఒక మనిషి,
రాయగడ జిల్లా